మెటల్ డిటెక్టర్ కంట్రోల్ యూనిట్: చరిత్ర, శుభ్రత, మరమ్మతు

పరిచయం

శాసనాలు, నాణేలు, తవ్వకాలలో దొరికే వస్తువులు చరిత్రకు ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో ఇంతకు ముందటి పాఠాలలో చదివారు. ఆ వస్తువులను వెతికి పట్టే పరికరాల గురించి చరిత్ర పుస్తకాలు సాధారణంగా మాట్లాడవు. ఈ పాఠంలో అటువంటి పరికరం ఒకటి తీసుకుందాం. అందులోనూ ఒకే ఒక్క భాగాన్ని దగ్గరగా చూద్దాం.

మెటల్ డిటెక్టర్ మీకు కొత్త కాదు. రైల్వే స్టేషన్ గుమ్మంలోనో, సినిమా హాలు వాకిట్లోనో, పెద్ద గుడి క్యూలోనో దాని కింద నుంచి నడిచే ఉంటారు. నేలలోని లోహాన్ని వెతికేది దానికి దాయాది. ఒక పొడవాటి కర్ర, దాని కింది చివర పళ్లెంలాంటి కాయిల్, చేతికి అందేచోట ఒక చిన్న పెట్టె. ఆ పెట్టెనే కంట్రోల్ యూనిట్ అంటారు. కాయిల్‌కు విద్యుత్తు పంపేది అదే, తిరిగి వచ్చిన సంకేతాన్ని వినేది అదే, విన్నదానిలో ఏది మనకు వినిపించాలో, ఏది వినిపించకూడదో తేల్చేదీ అదే.

చరిత్ర పాఠంలో మరమ్మతు పని ఎందుకని మీకు సందేహం రావచ్చు. కారణం చెబుతాను. పెట్టె మోగితే అక్కడ లోహం ఉందంటాం. మోగకపోతే లేదనవచ్చునా? పొలమంతా తిరిగి, ఏమీ మోగలేదు కనుక ఇక్కడ జనావాసం లేదని ఒక సర్వే నివేదిక రాస్తే, ఆ మౌనం నేలదా, పెట్టెదా? బ్యాటరీ దగ్గర పట్టిన పిసరంత తుప్పు ఒక ఊరి చరిత్రను చెరిపివేయగలదు. అందువల్ల ఈ పెట్టె బాగోగులను ఆధారాల పరిశీలనలో భాగంగానే చూడాలి.

అధ్యక్షుడి పడక దగ్గర

1879లో డేవిడ్ హ్యూస్ అనే శాస్త్రవేత్త ఇండక్షన్ బ్యాలెన్స్ అనే అమరికను ప్రకటించాడు. రెండు తీగచుట్టలను ఒకదాని ప్రభావం మరొకదానిపై పడకుండా సరితూచి ఉంచుతారు. దగ్గరికి లోహం వస్తే ఆ తూకం చెడి టెలిఫోన్ రిసీవర్‌లో శబ్దం వినిపిస్తుంది. నేటి డిటెక్టర్లలో చాలావాటి మూలసూత్రం ఇదే.

రెండేళ్ల తరువాత దానికి పెద్ద పరీక్ష ఎదురైంది. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో మిగిలిన తూటా ఎక్కడుందో వైద్యులకు అంతుపట్టలేదు. ఎక్స్-కిరణాలు కనుగొనడానికి ఇంకా 14 ఏళ్ల వ్యవధి ఉంది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ ముందుకు వచ్చాడు. హ్యూస్ సూత్రంపై ఒక పరికరం తయారుచేసి, అంతర్యుద్ధంలో గాయపడి ఒంట్లో తూటాలతోనే బతుకుతున్న మాజీ సైనికులపై పరీక్షించాడు. పని చేసింది.

జూలై 26న అధ్యక్షుడిపై ప్రయోగించినప్పుడు మాత్రం రిసీవర్‌లో గరగరమన్న శబ్దం వచ్చింది, పరికరం శక్తి తగ్గినట్టు కనిపించింది. కండెన్సర్‌ను సరిగా కలపలేదని తరువాత తేలింది. అంటే లోపం నేటి భాషలో చెప్పాలంటే కంట్రోల్ యూనిట్‌లోనే ఉంది. ఆగస్టు 1న రెండోసారి ప్రయత్నించాడు. ఈసారి విశాలమైన ప్రాంతంలో సన్నని ధ్వని వినిపించింది. పరుపు కింద ఉక్కు తీగల పరుపు మరొకటి ఉందని బెల్‌కు తరువాత గాని తెలియలేదు. ఇంకొక సంగతి కూడా ఉంది. తూటా కుడివైపు ఉందని ప్రధాన వైద్యుడు నమ్మాడు, వెతుకులాట అటువైపే సాగింది. బెల్ పరికరం తమ అభిప్రాయాన్ని బలపరిచిందని వైద్యులు ప్రకటించారు కూడా. సెప్టెంబర్ 19న గార్ఫీల్డ్ మరణించాడు. శవపరీక్షలో తూటా ఎడమవైపు బయటపడింది.

ఈ ఉదంతాన్ని బెల్ వైఫల్యంగా చెప్పుకోవడం పరిపాటి. నాకు ఆ మాట సరిగా తోచదు. కలపని ఒక తీగ, లెక్కలోకి రాని ఒక లోహం, ముందే కుదుర్చుకున్న ఒక అభిప్రాయం: ఈ మూడింటిలో సూత్రం తప్పు ఏదీ లేదు. పైగా బెల్ ప్రతి ప్రయోగాన్నీ వివరంగా రాసి పెట్టాడు కనుకనే ఏది ఎక్కడ తప్పిందో మనం ఈనాడు చెప్పగలుగుతున్నాం.

గ్యారేజీ నుంచి యుద్ధభూమికి

తరువాతి ఘట్టం అమెరికా పశ్చిమ తీరంలో జరిగింది. జర్మనీ నుంచి వలస వచ్చిన ఇంజనీరు గెర్హార్డ్ ఫిషర్ విమానాలకు దిక్కు చూపే రేడియో పరికరాలపై పని చేస్తుండేవాడు. కొన్నిచోట్ల ఆ పరికరాలు దారి తప్పడానికి దగ్గరలోని లోహమూ ఖనిజాలూ కారణమని అతడు గుర్తించాడు. ఇతరులు లోపమనుకున్నదాన్ని అతడు పనిముట్టుగా మలచుకున్నాడు. 1931లో పాలో ఆల్టోలోని తన ఇంటి గ్యారేజీలో తయారీ మొదలుపెట్టాడు. 1937లో పేటెంటు లభించింది.

రెండవ ప్రపంచ యుద్ధంలో అవసరం మారింది. పోలండ్ సైనికాధికారి యోజెఫ్ కొసాట్‌స్కీ స్కాట్లండ్‌లో ఉంటూ 1941 శీతకాలంలో మందుపాతరలను పసిగట్టే పరికరానికి రూపకల్పన చేశాడు. దానిని పేటెంటు చేయకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చివేశాడు. 1942 అక్టోబరులో జరిగిన ఎల్ అలమీన్ యుద్ధానికి ముందు 500 పరికరాలు ఉత్తర ఆఫ్రికా చేరాయి. ఆ యుద్ధంలో మన దేశపు 4వ ఇండియన్ డివిజన్ కూడా పాల్గొన్నది. ఒక్కొక్క పరికరం బరువు దాదాపు 14 కిలోలు. ఎడారి ఇసుకలో, చెమట చేతులతో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని సైనికుడు నడిచేవాడు. అక్కడ పెట్టె మౌనానికి మూల్యం ప్రాణమే.

యుద్ధం ముగిశాక మిగులు పరికరాలు బజారుకు వచ్చాయి. 1960లలో ట్రాన్సిస్టర్ రావడంతో పెట్టె తేలికైంది, చవకైంది. 1970లలో బ్రిటన్ ఎలక్ట్రానిక్స్ పత్రికలు డిటెక్టర్‌ను ఇంట్లోనే తయారుచేసుకునే సర్క్యూట్లు అచ్చువేసేవి. అప్పటి పెట్టెను విప్పితే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, వేలితో తాకవచ్చు, కాలిపోతే మార్చవచ్చు. తరువాత మైక్రోప్రాసెసర్లు, గోరుపై పట్టేంత చిన్న భాగాలు, నీరు చొరబడకుండా మూసివేసిన పెట్టెలు వచ్చాయి. వాడేవారి చేయి పెట్టె లోపలికి వెళ్లగలిగే దూరం దశాబ్దానికి దశాబ్దం తగ్గింది. ఇప్పుడు ఇంట్లో చేయగలిగింది ప్రధానంగా శుభ్రత, బ్యాటరీ అర, తీగలు, కనెక్టర్లు, నాబ్‌ల పని. అయితే ఊరట కలిగించే విషయం ఒకటుంది. పాత పెట్టెలు మూలపడేది ఎక్కువగా వీటి వల్లనే.

పెట్టె విప్పడం

కొన్ని హద్దులు ముందే చెప్పాలి. వాల్వుల కాలపు సైనిక పరికరాలనూ, పల్స్ ఇండక్షన్ రకం పెట్టెలనూ ఇంట్లో విప్పకండి. వాటిలో ప్రమాదకరమైన వోల్టేజీ ఉండవచ్చు. ఉబ్బిన లిథియం బ్యాటరీ జోలికీ పోవద్దు. ఇక్కడ చెబుతున్నది 9 వోల్టుల బ్యాటరీతో గాని, పెన్సిల్ సెల్స్‌తో గాని నడిచే మామూలు పెట్టె గురించి. గ్యారంటీ కాలం మిగిలి ఉంటే అసలు విప్పవద్దు.

మొదట బ్యాటరీలు తీసివేయండి. తరువాత స్క్రూడ్రైవర్ కంటే ముందు ఫోన్ కెమెరా చేతిలోకి తీసుకోండి. పెట్టె ఉన్నది ఉన్నట్టుగా, మూత తీశాక, ప్రతి తీగ ఊడదీసే ముందు ఒక్కో ఫోటో తీయండి. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో గుర్తుండేలా తెల్లకాగితంపై పెట్టె బొమ్మ గీసి, స్క్రూలను ఆయా స్థానాల్లో టేపుతో అతికించండి. తవ్వకంలో ప్రతి వస్తువు స్థానాన్నీ నమోదు చేసే పద్ధతి మీరు చదివారు. ఇదీ ఆ పద్ధతే, పొర మాత్రమే చిన్నది.

లోపల మొదట చూడవలసింది బ్యాటరీ అర. ఆల్కలైన్ సెల్స్ కారితే స్ప్రింగుల మీద తెల్లని పొడి పేరుకుంటుంది. అది క్షారగుణం గలది. దూదిపుల్లను వెనిగర్‌లో లేదా నిమ్మరసంలో ముంచి అద్దితే చిన్నగా బుసబుసమంటూ కరుగుతుంది. చవకరకం జింక్-కార్బన్ సెల్స్ కారితే వచ్చేది ఆమ్లగుణం గలది. దానికి నీళ్లలో కలిపిన వంటసోడా వాడాలి. రెండింటినీ తారుమారు చేస్తే ఫలితం ఉండదు, కనుక సెల్ మీద పేరు చదివి పని మొదలుపెట్టండి. ఏది వాడినా వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పూర్తిగా ఆరనివ్వాలి. చేతులకు తొడుగులు వేసుకోండి, కళ్లు జాగ్రత్త.

స్ప్రింగ్ తళతళలాడినంత మాత్రాన పని అయిపోలేదు. కారిన ద్రవం ఎర్రతీగ, నల్లతీగల ప్లాస్టిక్ తొడుగు లోపలికి పాకుతుంది. తొడుగు కొద్దిగా ఒలిచి చూడండి. లోపలి రాగి నల్లబడి ఉంటే దానికి సోల్డర్ అంటదు. మెరిసే రాగి కనిపించేదాకా తీగను కత్తిరించుకుంటూ వెళ్లి, అక్కడి నుంచి కొత్త తీగ అతకాలి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రోజిన్ ఉన్న సన్నని సోల్డర్ తీగ చాలు. రేకుపనికి వాడే ఆమ్లం ఎలక్ట్రానిక్ బోర్డు దగ్గరికి రానివ్వకూడదు. అది నెలల తరబడి లోహాన్ని తింటూనే ఉంటుంది.

తరువాత కాయిల్ తీగ వచ్చి కలిసే కనెక్టర్. కర్రను ఊపిన ప్రతిసారీ కుదుపు పడేది ఇక్కడే. బోర్డు మీద దాని కాళ్ల చుట్టూ భూతద్దంతో చూస్తే సోల్డర్‌లో జుట్టంత సన్నని వలయాకారపు పగులు కనిపించవచ్చు. రేడియో మెకానిక్కులు దీన్నే డ్రై సోల్డర్ అంటారు. తీగ కదిలిస్తే పెట్టె మోగడం, ఆగడం దీని లక్షణం. ఐరన్‌తో తాకించి కొద్దిగా కొత్త సోల్డర్ పోస్తే సరిపోతుంది. మల్టీమీటర్‌తో కాయిల్ తీగ కొసలను కూడా పరీక్షించండి. కాయిల్ చుట్టలు బాగుంటే మీటరు కొద్ది ఓమ్‌ల నుంచి కొన్ని పదుల ఓమ్‌ల వరకు చూపుతుంది. అసలు కదలకపోతే తీగ తెగిందని అర్థం. కాయిల్ లోపలి చుట్టలను తయారీలోనే జిగురుతో పోతపోసి మూసివేస్తారు, అది ఇంటి పని కాదు.

నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తే వాల్యూమ్ కంట్రోల్ లోపల దుమ్ము చేరింది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్‌ను దాని చిన్న సందులోకి చిలకరించి, నాబ్‌ను ఇటూ అటూ ఇరవై ముప్పై సార్లు తిప్పండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వాడేవారున్నారు. అది కొన్నాళ్లు బాగున్నట్టే ఉండి, తరువాత దుమ్మును అంటించుకుని మొదటికే మోసం తెస్తుంది. వాన నీరు, ఉప్పు నీరు చేరిన బోర్డు అయితే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, నీడన ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి. ఎండలో గాని, పొయ్యి పక్కన గాని పెట్టకండి.

బోర్డు మీద స్క్రూడ్రైవర్ మొనతో తిప్పేలా చిన్న చిన్న సర్దుబాట్లు కనిపిస్తాయి. వాటి నెత్తిన రంగుచుక్క కూడా ఉండవచ్చు. వాటిని తాకవద్దు. రెండు చుట్టల మధ్య తూకాన్ని కార్ఖానాలో కుదిర్చింది అక్కడే. ఒకసారి కదిలిస్తే ఇంట్లో తిరిగి కుదర్చడం సాధ్యం కాదు.

పరీక్ష, నోటుబుక్కు

ఇప్పుడు చరిత్ర విద్యార్థి పని మొదలవుతుంది. మెకానిక్కుకు పెట్టె మోగితే చాలు. మీకు అది ఎంత దూరం నుంచి, దేనికి మోగిందో కావాలి.

కాయిల్‌ను ఇనుప మేకులు లేని చెక్కబల్ల మీద, గోడకు దూరంగా పెట్టండి. ట్యూబ్‌లైటు, ఫ్యాను, మిక్సీ, సెల్‌ఫోను దగ్గరలో లేకుండా చూసుకోండి. ఉంగరం, గడియారం తీసివేయండి. కాయిల్ మధ్య నుంచి పైకి ఒక చెక్క స్కేలు నిలబెట్టి, ఒక నాణెం దాని వెంట పైకి జరుపుతూ శబ్దం ఏ సెంటీమీటరు దగ్గర ఆగిందో చూడండి. అన్నిసార్లూ అదే నాణెం వాడాలి. ఈనాటి ఒక రూపాయి, రెండు రూపాయల బిళ్లలు అయస్కాంతానికి అంటే స్టెయిన్‌లెస్ స్టీలు, వాటిని పెట్టె ఇనుముగా తీసిపారేయవచ్చు. పసుపుపచ్చ అయిదు రూపాయల బిళ్ల గాని, పాత రాగి నాణెం గాని నయం.

ఈ పరీక్షను పెట్టె విప్పక ముందు ఒకసారి, మరమ్మతు తరువాత ఒకసారి, ఆపైన సర్వేకు బయలుదేరే ప్రతి ఉదయమూ చేసి, తేదీ, బ్యాటరీ వోల్టేజీ, నాబ్‌ల స్థానం, దూరం రాయండి. మరమ్మతుకు ముందు 12 సెంటీమీటర్లు, తరువాత 20 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలే. అప్పుడు మీరు గత నెలలో తిరిగి ‘ఏమీ లేదు’ అని రాసిన పొలాన్ని మళ్లీ తిరగక తప్పదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక సర్వేలో లోహవస్తువులు దొరకలేదన్న నిర్ణయానికి వచ్చే ముందు పరికరం గురించి ఏ వివరాలు అడుగుతారు? అయిదు వాక్యాలలో రాయండి.

నాబ్ రాసిన చరిత్ర

లోపం లేని పెట్టె కూడా అన్నీ వినిపించదు. 1970ల నుంచి వ్యాప్తిలోకి వచ్చిన డిస్క్రిమినేషన్ నాబ్ ఇనుప సంకేతాలను అణచివేస్తుంది. పొలంలో అడుగడుగునా దొరికే మేకుల కోసం తవ్వుతూ కూర్చోవడం ఎవరికి ఇష్టం? దాని ఫలితం బ్రిటన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 1997లో మొదలైన పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్‌లో సామాన్యులకు దొరికిన వస్తువులను స్వచ్ఛందంగా నమోదు చేస్తారు. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి. వాటిలో రాగి మిశ్రమాలు, వెండి, సీసం విరివిగా ఉంటాయి, ఇనుము పలచగా ఉంటుంది. ఆ పట్టిక చూసి పూర్వకాలపు రైతు ఇనుము తక్కువ వాడాడనుకుంటే నాబ్‌ను చరిత్ర అనుకున్నట్టే.

దీనికి భిన్నమైన పద్ధతి అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో కనిపిస్తుంది. 1876 జూన్ 25న అక్కడ లకోటా, షయాన్ యోధుల చేతిలో కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయింది. ఆ పోరాటం నుంచి బయటపడిన యోధుల మాటను అప్పటివారు పెద్దగా లెక్కచేయలేదు. 1983లో కార్చిచ్చు గడ్డిని కాల్చివేయగా, మరుసటి ఏడాది డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ నాయకత్వంలో సర్వే జరిగింది. డిటెక్టర్లు పట్టుకున్న స్వచ్ఛంద సేవకులు వరుసగా నడిచారు. మోగిన ప్రతిచోటా జెండా పాతారు, వెనుక వచ్చినవారు తీసి స్థానం నమోదు చేశారు. తూటా తొడుగుల మీది సూదిదెబ్బ గుర్తులను బట్టి ఒక్కొక్క తుపాకి ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో గుర్తించారు. యోధుల దగ్గర వెంటవెంటనే పేలే తుపాకులు ఎన్నో ఉన్నాయని తేలింది. వారి కథనాలకు మళ్లీ విలువ వచ్చింది. అంతా సరిగా పలికిన పెట్టెల మీద, సరిగా రాసిన పుటల మీద నిలబడిన పని.

పెట్టె కొత్తదై ఉండనక్కరలేదు. 2009 జూలైలో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ పొలంలో సుమారు 4 కిలోల ఆంగ్లో-సాక్సన్ బంగారు వస్తువులు బయటపెట్టినది పద్నాలుగేళ్ల పాత డిటెక్టర్ అని అప్పటి వార్తలు చెప్పాయి.

మన నేలలో

మన తెలుగు రాష్ట్రాలలో ఈ పరికరం పేరు వినగానే చాలామందికి గుప్తనిధులే గుర్తుకొస్తాయి. పాత కోటల్లో, శిథిలాలయాల్లో రాత్రివేళ తవ్విన గుంతల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. అలా పెకలించిన విగ్రహపీఠం కింద నిధి దొరికినా దొరకకపోయినా, పొరలు మాత్రం పోతాయి. పొర పోయిన నాణెం బరువుకు మించి ఏమీ చెప్పదు. కనుక పెట్టె బాగుచేయడం నేర్చుకున్నంత మాత్రాన ఎక్కడంటే అక్కడ తిప్పే హక్కు రాదు. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేని తవ్వకం 1958 నాటి చట్టం ప్రకారం నేరం. సొంత పొలంలో దున్నుతుండగా దొరికినా 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి.

1992 నవంబరులో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్ గ్రామంలో ఒక విశ్రాంత ఉద్యోగి, స్నేహితుడైన రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం డిటెక్టర్ తిప్పాడు. వెండి నాణేలు, బంగారు గొలుసులు బయటపడసాగాయి. అతడు అక్కడితో తవ్వడం ఆపి కబురు పంపాడు. పురావస్తు నిపుణులు మరునాడే వచ్చి, పెట్టెలో సర్దిన వస్తువులను సర్దిన వరుసలోనే బయటకు తీశారు. 14 వేలకు పైబడిన రోమన్ నాణేలు దొరికాయి. ఆ సుత్తి కూడా దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మన చట్టం ప్రకారం కలెక్టరుకు ఇచ్చే లిఖితపూర్వక సమాచారంలో నిధి స్వభావం, పరిమాణం లేదా ఉజ్జాయింపు విలువ, దొరికిన చోటు, దొరికిన తేదీ ఉండాలి. ఏ పరికరంతో, ఏ నాబ్ ఎక్కడ ఉండగా దొరికిందో ఆ చట్టం అడగదు. డిటెక్టర్ లేని కాలంలో రాసినది మరి. మీరు అటువంటి కాగితం రాయవలసివస్తే, ఆ ఉదయం చెక్కబల్ల మీద చేసిన పరీక్ష వివరాలున్న పుట నకలు కూడా దానికి జతచేయండి.